ఆన్‌లైన్‌లో తీసుకున్న పాలసీ పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో చెల్లుతుందా? అమ్మకు అంగిలి క్యాన్సర్, మాది గుణుపురం

గుణుపురం_కరెంటుషాపు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు, షాపులో ఒడియా, ఈ పాలసీ కాగితాలేమో ఇంగ్లీషు. మూడు రాత్రుల నుంచి చదువుతున్నాను. అర్థమైనట్టే ఉంటుంది, తెల్లారేసరికి మళ్ళీ అనుమానం. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటారని ఇక్కడ అడుగుతున్నాను.

అమ్మకు 71 ఏళ్ళు. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా, హిరమండలం వైపు. ఆ వైపు పాతతరం ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు ఉండేదని మీకు తెలిసే ఉంటుంది. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అమ్మకు పెళ్ళికి ముందు నుంచే ఆ అలవాటు. నాన్న పోయాక తగ్గించింది గానీ మానలేదు. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికే తగులుతాయని, అక్కడ క్యాన్సర్ రావడానికి అదే పెద్ద కారణమని ఇప్పుడు డాక్టరు చెబితే తెలిసింది. దసరా ముందు నుంచి కారం తింటే మంట అంటూ పచ్చడి మానేసింది. రోజూ పెరుగన్నమే తింటున్నా వయసు కదా అనుకున్నాను. డిసెంబరులో నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే అంగిలి మీద తెల్లటి మచ్చ, దాని మధ్య పుండు. శ్రీకాకుళం తీసుకెళ్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే నోటి పైపొరలో పుట్టే క్యాన్సర్. మెడలో గడ్డలు చేతికి తగలడం లేదు, ఆలస్యం చేయకండి అన్నారు.

ఇక పాలసీ సంగతి. 2024 నవంబరులో అమ్మ పేరు మీద 5 లక్షలకు విడిగా తీసుకున్నాను. నాలుగైదు కంపెనీల పాలసీలను పక్కపక్కన పెట్టి చూపించే వెబ్‌సైట్లు ఉంటాయి కదా, అలాంటి ఒక దాంట్లో. ప్రతి బిల్లులో 20 శాతం మనమే కట్టుకోవాలి. మొన్న నవంబరులో రెన్యువల్ కూడా చేశాను. తీసుకునేటప్పుడు ఫోన్‌లో మాట్లాడిన అబ్బాయి "పెద్ద ఆసుపత్రులన్నీ ఉన్నాయి సర్, క్యాన్సర్ కూడా కవరే" అన్నాడు. ఇప్పుడు కంపెనీ లిస్టు తీసి చూస్తే విశాఖలో రెండు కార్పొరేట్ ఆసుపత్రులు కనిపిస్తున్నాయి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లేదు. కటక్‌లోని ఆచార్య హరిహర్ కూడా లేదు. శ్రీకాకుళం డాక్టరు గారేమో "ఇలాంటివి రోజూ చూసే చోటికే వెళ్ళండి, అగనంపూడి వెళ్ళండి" అని రాసిచ్చారు. లిస్టులో లేని చోటికి వెళ్తే పాలసీ ఉండీ లేనట్టేనా?

ఇంకో టెన్షన్ కూడా ఉంది. ఆ రోజు ఫోన్‌లో "సిగరెట్, గుట్కా, మందు ఏమైనా ఉన్నాయా" అని అడిగాడు. "సిగరెట్లు లేవు, చుట్ట కాలుస్తుంది" అని చెప్పాను. "పర్లేదు సర్" అని తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫారం తెరిచి చూస్తే పొగాకు దగ్గర "లేదు" అని ఉంది. బీపీ మాత్రం సరిగ్గానే రాశారు. ఫారం చూడకుండానే నేను ఓటీపీ చెప్పేశాను.

70 దాటినవాళ్ళకు కేంద్రం కార్డు ఇస్తున్నారని కూడా విన్నాను. ఒడిశా కార్డు ఆంధ్రాలో పనికొస్తుందా? అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. పుండుకు మందు వేయించడానికి వెళ్తున్నామని అన్నాను.

పర్లాకిమిడి_టీచరమ్మ:

బాబూ, ముందు కొంచెం మంచినీళ్ళు తాగి కూర్చుని చదువు. మీ డాక్టరు సరైన దారే చూపించారు. అగనంపూడి ఆసుపత్రి ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళదే, అణుశక్తి శాఖ కింద నడుస్తుంది. మావారికి 2019లో దవడ క్యాన్సర్ వస్తే మమ్మల్ని ముంబయి పరేల్‌లోని టాటా ఆసుపత్రికే పంపారు. పలాసలో కోణార్క్ రైలు ఎక్కి రెండు రాత్రుల ప్రయాణం. నోరు తెరవలేని మనిషికి దారి పొడుగునా స్ట్రాతో సగ్గుజావ పట్టాను. మీ అమ్మగారికి ఆ దూరం తప్పింది.

నువ్వు అడిగినదే నేనూ అప్పుడు అడిగాను, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అనుభవంతో చెబుతున్నాను. కంపెనీ ఇచ్చే లిస్టు క్యాష్‌లెస్ కోసం. అంటే ఆ ఆసుపత్రులకు కంపెనీయే నేరుగా డబ్బు కడుతుంది. లిస్టులో లేని చోట ముందు మనం కట్టి, తరువాత కాగితాలు పంపి తెచ్చుకోవాలి. మామూలు పాలసీల్లో ఆసుపత్రి అంటే ఏమిటో మొదటి పేజీల్లోనే నిర్వచనం ఉంటుంది. రిజిస్ట్రేషన్, పడకలు, రోజంతా డాక్టర్లూ నర్సులూ ఉండడం, ఆపరేషన్ గది, ఇలాంటివి. టాటా లాంటి ఆసుపత్రి దానికి సరిపోతుంది. ఒక్కటి చూసుకో. కొన్ని చవక పాలసీల్లో లిస్టు బయట అసలు ఇవ్వమనో, తగ్గించి ఇస్తామనో రాసి ఉంటుంది. నీ పాలసీలో ఆ మాట ఉందేమో వెతుకు.

డబ్బు తిరిగి రావడమంతా కాగితాల మీదే ఉంటుంది. పరేల్‌లో స్మార్ట్ కార్డులో డబ్బు వేస్తే పరీక్షకూ మందుకూ అందులోంచే కోసుకుంటారు. ప్రతిసారీ వచ్చే చీటీలను నేను తారీకుల వారీగా పాత లెక్కల పుస్తకంలో అంటించాను. అయినా ఒక స్కాన్ రసీదు ఎక్కడో పోయింది. జిరాక్స్ పంపితే ఒప్పుకోలేదు, 9 వేలు పోయాయి. అప్పట్నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: ఒరిజినల్ చేతిలోకి రాగానే ఫోటో తీయి, ఆ తరువాతే సంచిలో పెట్టు.

అగనంపూడి వెళ్ళేటప్పుడు ముక్క పరీక్ష రిపోర్టు ఒక్కటే తీసుకెళ్తే చాలదు. శ్రీకాకుళం ల్యాబ్‌లో అడిగి స్లైడ్లు, బ్లాకులు తీసుకో, అంటే తీసిన ముక్కను అంటించిన గాజు పలకలు, ముక్కను దాచిన మైనపు దిమ్మలు. పెద్ద ఆసుపత్రుల్లో వాటిని మళ్ళీ వాళ్ళే చూస్తారు. అవి లేకపోతే ఇంకోసారి ముక్క తీయాల్సి రావచ్చు, లేదా నువ్వు మళ్ళీ శ్రీకాకుళం తిరగాలి.

ఇంకొకటి, అమ్మకు చెప్పు. మావారికి నేను వారం రోజులు దాచాను. స్టేషన్లో ఎవరో టాటా ఆసుపత్రికా అని అడిగితే ఆయనకు అక్కడ తెలిసింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

బరంపురం_క్లెయిములు:

టీచర్ గారు చెప్పింది సరైనది. నేను 11 ఏళ్ళు క్లెయిముల కాగితాలు చూసే ఉద్యోగం చేశాను. తమ్ముడూ, నీ అసలు సమస్య అగనంపూడి కాదు, ఆ పొగాకు గడి. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

కంపెనీ ముందుగా చూసేది ప్రపోజల్ ఫారం (పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ఫారం), మొదటి ఓపీ చీటీ. రెండూ పక్కపక్కన పెట్టుకుంటారు. ఆసుపత్రిలో కేసు రాసేటప్పుడు "50 ఏళ్ళుగా చుట్ట" అని తప్పకుండా రాస్తారు, రాయాలి కూడా. వైద్యానికి ఆ సంగతి అవసరం. దయచేసి డాక్టర్ని అది తీసేయమని అడగవద్దు. అమ్మ చేత అబద్ధం చెప్పించవద్దు. నా ఉద్యోగంలో అలా దిద్దిన చీటీలు చూశాను. నిజం చెప్పినవాళ్ళకు పోరాడే దారి మిగిలింది, దిద్దినవాళ్ళకు అదీ మిగలలేదు.

పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తరువాత మోసం రుజువు చేస్తే తప్ప ముందు చెప్పలేదన్న కారణంతో క్లెయిము ఆపడానికి లేదు. 2024 నుంచి ఇదే నియమం, అంతకుముందు 8 ఏళ్ళు ఉండేది. నీ పాలసీకి 14 నెలలే కాబట్టి ఆ రక్షణ లేదు. పొగాకు పేరు చెప్పి తిరస్కరించే అవకాశం నిజంగానే ఉంది. నీకు ధైర్యం చెప్పడం కోసం లేదని అనలేను.

కాబట్టి ఈరోజే కంపెనీకీ, ఆ వెబ్‌సైట్‌కూ మెయిలు పెట్టు. ఫలానా తేదీన ఫోన్‌లో చుట్ట సంగతి చెప్పాను, ఫారంలో లేదని పడింది, కాల్ రికార్డింగ్ భద్రపరిచి నాకు ఇవ్వండి, రికార్డు సరిచేయండి అని రాయి. క్లెయిము పెట్టకముందే రాయి. ఆ రికార్డింగ్‌లో నీ మాట ఉంటే నీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే. నీ ఫోన్‌లో ఆ రోజు కాల్ లిస్టు దొరికితే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

మొదటి ఓపీ చీటీలో పుండు ఎన్నాళ్ళ నుంచి అని రాశారో చూడు. పల్లెటూరి పెద్దవాళ్ళు మంట మొదలైన రోజొకటి, పుండు కనిపించిన రోజొకటి చెబుతారు. పాలసీ మొదలైన తేదీకి ముందు నుంచే ఉందన్నట్టు రాస్తే, ముందే ఉన్న జబ్బు అంటారు. అలాంటి జబ్బులకు 36 నెలల దాకా ఆపే హక్కు వాళ్ళకు ఉంది. తప్పు పడితే ఆ డాక్టరు దగ్గరకే వెళ్ళి, అమ్మ అసలు ఏం చెప్పిందో ఆయన చేతే వివరణ రాయించుకోవాలి. ఇంకో విషయం. 24 నెలలు ఆగాల్సిన జబ్బుల జాబితాలో గడ్డలు, కణుతులు ఉంటాయి. వాటి పక్కన "క్యాన్సర్ కానివి" అని ఉందో లేదో చదువు. మామూలుగా ఉంటుంది.

లిస్టులో లేని ఆసుపత్రిలో కూడా క్యాష్‌లెస్ అడగవచ్చు. క్యాష్‌లెస్ ఎవ్రీవేర్ అని 2024 జనవరిలో మొదలైంది. ముందే తేదీ అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందు కంపెనీకి తెలియజేయాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. కంపెనీ గంటలోపు జవాబు ఇవ్వాలి, డిశ్చార్జి రోజున 3 గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. కాదంటే టీచర్ గారు చెప్పినట్టు ముందు కట్టి తరువాత తెచ్చుకునే రీయింబర్స్‌మెంట్ ఎలాగూ ఉంది.

గది అద్దె పరిమితి కూడా చూసుకో. రోజుకు పాలసీ మొత్తంలో 1 శాతం అని ఉంటే నీకు 5 వేలు. అంతకన్నా ఖరీదైన గది తీసుకుంటే గది అద్దెలో తేడా ఒక్కటే కాదు, సర్జను ఫీజు లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. లిస్టులో ఉన్న కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్ళి చివరికి సగం సొంతంగా కట్టిన కుటుంబాలు నాకు తెలుసు. లిస్టులో ఉంది కదా అని ఆసుపత్రిని ఎంచుకోవద్దు అనేది అందుకే.

కాదని రాసిచ్చారనుకో, కంగారు పడకు. కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా భువనేశ్వర్‌లో బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చేది అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వాళ్ళు తేల్చగలరు. ఏడాదిలోపు వెళ్ళాలి.

వంశధార_ఒడ్డు:

అన్నా, మాదీ గుణుపురం దగ్గరే. కార్డు గురించి నేను చెబుతాను, మా తాతయ్యకు చేయించాను.

70 దాటితే మీరు విన్న కేంద్రం కార్డు ఇదే, ఆయుష్మాన్ వయ వందన కార్డు. ఆదాయంతో పనిలేదు, షాపు ఉన్నా ఇస్తారు, ప్రైవేటు పాలసీ ఉన్నా ఇస్తారు. ఏడాదికి 5 లక్షలు. అన్నిటికన్నా ముఖ్యం, పాత జబ్బా కొత్త జబ్బా అని అడగరు, ఆగాల్సిన కాలం లేదు. మీ చుట్ట గొడవ దీనికి లేదు. ఒడిశా 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్‌లో చేరింది, మన రాష్ట్ర ఆరోగ్య పథకం గోపబంధును దానితో కలిపారు. అంతకుముందు పాత రాష్ట్ర పథకం బిజు కార్డు పట్టుకుని మనవాళ్ళు ఎంత తిరిగారో మీకు తెలుసు. ఇప్పుడు ఆయుష్మాన్‌లో ఉన్న ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. బయలుదేరే ముందు 14555కి ఫోన్ చేసి, ఆసుపత్రి పేరు చెప్పి, క్యాన్సర్ ఆపరేషనూ రేడియేషనూ రెండూ అందులో ఉన్నాయా అని విడివిడిగా అడగండి. ఒకే ఆసుపత్రిలో కొన్ని విభాగాలే పథకంలో ఉండవచ్చు.

కార్డుకు ఆధార్ చాలు. వయసు ఆధార్‌లో ఉన్నదే లెక్క. మాకు చిక్కు వచ్చింది పేరు దగ్గర. మన ఇళ్ళల్లో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా కాగితాల్లో వెనక్కి వెళ్ళిపోతుంది. తాతయ్య ఆధార్‌లో ఒక రకం, ఆంధ్రా ల్యాబ్ రిపోర్టులో ఒక్క అక్షరంతో ఇంకో రకం. కౌంటర్లో రెండు రోజులు ఆగిపోయాం. అమ్మగారి ఆధార్, పాలసీ, ముక్క రిపోర్టు మూడింట్లో పేరు ఒకేలా ఉందా చూడండి. ల్యాబ్ వాళ్ళు వెంటనే మార్చి ఇస్తారు, ఆసుపత్రిలో ఎక్కాక మార్చడం కష్టం.

బరంపురం_క్లెయిములు:

వంశధార తమ్ముడు మంచి మాట చెప్పాడు. ఒక్క జాగ్రత్త. ఒకే బిల్లుకు కార్డూ పాలసీ రెండూ వాడలేరు. ఆపరేషన్ కార్డు మీద జరిగితే, కార్డు పరిధిలోకి రాని ఖర్చుకు పాలసీ ఉంచుకోవచ్చు. పాలసీ మాత్రం రెన్యువల్ తప్పనివ్వకండి.

గుణుపురం_కరెంటుషాపు:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

టీచర్ గారూ, అమ్మకు చెప్పాను. బయలుదేరే ముందు రాత్రి వంటింట్లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత చుట్టల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది తీసుకుపో" అంది. అంతే.

వంశధార తమ్ముడూ, పేరు సంగతి మీరు చెప్పకపోతే మేమూ ఆగిపోయేవాళ్ళం. ముక్క రిపోర్టులో ఇంటిపేరు తప్పు పడింది. స్లైడ్లూ బ్లాకులూ తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడే సరిచేయించాను. ఓపీ చీటీ కూడా తీసి చూశాను. గుణుపురంలో మొదట చూపించిన చోట "రెండేళ్ళుగా" అని ఉంది. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. వెళ్ళి అడిగితే, రెండేళ్ళుగా అన్నది బీపీ మాత్రల గురించని, పుండు రెండు నెలల నుంచి అని అమ్మ చెప్పిందని ఆయనకే గుర్తొచ్చింది. కింద వివరంగా రాసి, సంతకం చేసి తేదీ వేశారు.

నౌపడ మీదుగా పాసింజర్లో విశాఖ వెళ్ళి, అక్కడి నుంచి గాజువాక మీదుగా అగనంపూడి చేరాం. స్లైడ్లు మళ్ళీ చూశారు, స్కాన్ తీశారు. సర్జన్లూ రేడియేషన్ డాక్టర్లూ కలిసి కూర్చుని నిర్ణయించారు. అంగిలిలో ఆ భాగం తీసేసి, అన్నం ముక్కులోకి పోకుండా ఒక ప్లేటు అమరుస్తారట. తీసిన ముక్క రిపోర్టు బట్టి రేడియేషన్. అదైతే వారానికి 5 రోజుల చొప్పున ఆరు వారాలు ఉంటుందన్నారు. దానికి ముందు పాడైన పళ్ళు తీయాలి, మూడు ఉన్నాయి. కేసు రాసినావిడ అలవాట్లు అడిగితే అమ్మే ముందుగా చెప్పింది, అడ్డపొగ, చిన్నప్పటి నుంచి అని. నేను పక్కన నిలబడి ఏమీ అనలేదు.

కంపెనీకి మెయిలు పెట్టాను. ఫారం కాపీ పంపారు, రికార్డింగ్ గురించి పరిశీలిస్తున్నామని రాశారు. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ దొరికింది, మా ఆవిడ ఫోన్‌లో ఉంది. వయ వందన కార్డు నాలుగో రోజున వచ్చింది. ఆధార్, కార్డు, పాలసీ మూడూ కౌంటర్లో ఇచ్చాను. ఆపరేషన్ అంచనా కాగితం వచ్చాక ఏది దేనికో రాసుకుంటామన్నారు. మొదటి స్కాన్లకు చేతి డబ్బే కట్టాను. రసీదులు ఫోటోలు తీసి, టీచర్ గారు చెప్పినట్టే నోటుబుక్కులో అంటిస్తున్నాను.

పాలసీలోనూ కార్డులోనూ ఎక్కడా లేని ఖర్చు ఒకటి ఉంది, ఉండే చోటు. రోజూ రేడియేషన్ అంటే గుణుపురం నుంచి తిరగలేం. అగనంపూడి, కూర్మన్నపాలెం, దువ్వాడ వైపు ఒక గది, వంట చేసుకునే వీలుండాలి, మెట్లు ఎక్కే పని లేకుండా కింద అంతస్తులో అయితే మంచిది. నెలన్నరకు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అమ్మ ఇప్పుడు జావ, మెత్తగా ఉడికిన పప్పన్నం తప్ప తినలేకపోతోంది, బయటి తిండి కుదరదు. షాపు తమ్ముడికి అప్పగించాను. వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్తున్నాం.